పది అడుగుల దూరమునుండి



టెలివిజనునకు తగిలించి పిల్లలు ఆటలాడుకొను పెట్టెను గేమ్ కన్సోలు అందురు. సోనీవారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్, నింటెండోవారి వీ అనునవి ఈ జాతివి. ఇదే పెట్టె ఇంటర్నెట్టుద్వారా సినిమాలను, నాటకములను, వార్తలను తెచ్చి టీవీలో చూపగలదు. అందులకై చేర్చు ఏర్పాటును యాప్ అని వ్యవహరింతురు. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2008 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 నందును, ఇంగ్లండులో బి.బి.సి. సంస్థ అదే సంవత్సరమున వీ యందును ఇట్టి సౌకర్యమును కలిగించిరి.

ఈ సంగతి మనకేల యందురేమో. పెద్దవారము ఇట్టి యంత్రము ముందు కూర్చుందుము. కోరిన బొమ్మ రాదు. "నాకు చేతకాదు" అని లేచిపోవుదుము. ఆ తప్పు ఎవరిదో విచారింపవలసి యున్నది.

కంప్యూటరును మూరెడు దూరమునుండి చూతుము. టీవీని ఇంచుమించు పది అడుగుల దూరమునుండి, గోడకు చేరగిలబడి చూతుము. కావున దగ్గరి చూపునకు వ్రాసిన చిన్న యక్షరములు ఇచట పనికిరావు. బి.బి.సి. వారి యేర్పాటు వీ యందు మొదట ఆ పెట్టెలోని బ్రౌజరుద్వారా నడచినది. టీవీకి తగిన ప్రత్యేకమైన యాప్ 2009లో వచ్చినది. పాత టీవీలు బొమ్మ అంచులను కొంత కోసివేయును గనుక ముఖ్యమైన మాటలను అంచులకు దూరముగా నిలుపవలయును.

ఇక చేతిలోని మీటల పలక. దానితో తెరపై దేనినైనను వ్రేలితో తాకినట్లు తాకుటకు వీలులేదు. పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు ఒక్కొక్క గడి చొప్పున నడువవలయును. ఇప్పుడు ఏ గడిలో నున్నామో తెలుపుటకు ఆ గడిని వెలిగింతురు. ఆ వెలుగు మందమైనచో కథ ముగిసినట్లే. ఒకమారు బంధువులయింట నేను మీటలు నొక్కుచునే యుంటిని; రెండు బొమ్మలలో వెలిగినది ఏదియో, ఆరినది ఏదియో నాకు బోధపడలేదు.

గుర్తుల సంగతి మరియు వింతైనది. ప్లేస్టేషన్ పలకపై సున్న గుర్తొకటి, ఇంటు గుర్తొకటి యున్నవి. జపానులో సున్న అనగా సరి, ఇంటు అనగా తప్పు. కనుక అచట చాలకాలము సున్నయే అంగీకారమునకు మీటగా నుండెను. అమెరికా, ఐరోపాలలో ఇంటు అంగీకారమయ్యెను. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5తో జపానునందును ఇంటునే అంగీకారముగా చేసిరి. ఎర్రసిరాతో ఏండ్ల తరబడి తప్పులకు ఇంటు పెట్టిన నా చేయి మాత్రము ఆ మీటను "సరే" యని నొక్కుటకు నేటికిని జంకును.

వెదకుట యన్నింటికంటె కష్టము. ఇంగ్లీషక్షరములను వరుసకు ఆరేసి చొప్పున పేర్చినారనుకొనుడు. మొదటి యక్షరమునుండి బయలుదేరి ఆర్, ఏ, ఎమ్, ఏ అని "రామ" వ్రాయుటకు, నడకలు, నొక్కులు కలిపి 22 మారులు మీట నొక్కవలయును. తెలుగులో రెండే యక్షరముల పేరిది!

ఇట్టి దోషములు చేసినవారికి కనబడవు. తాను వ్రాసిన పద్యములో గణభంగము తనకు తోచనట్లే యిదియును. అందుచే యాప్ నెరుగని వారిని పిలిచి, మీటల పలక చేతికిచ్చి, "నిన్నటి వార్తలు పెట్టుడు" వంటి పని యొకటి చెప్పుదురు. మనసున తోచినదానిని పైకి పలుకుచు చేయుమందురు. ఈ పద్ధతిని యంత్రముల పరీక్షకు 1982లో ఐ.బి.ఎమ్. సంస్థలోని క్లేటన్ లూయిస్ వివరించెను. పరీక్షించువాడు సాయము చేయరాదు, దారి చూపరాదు. అది యెంత కష్టమో ఉపాధ్యాయులకు తెలియును. నోటివరకు వచ్చిన జవాబును మింగవలయును. "బాగున్నదా?" అని యడిగినను లాభములేదు. "అర్థమైనదా?" అన్నచో తరగతియంతయు తల యూపును, పాఠమును తిరిగి యొప్పజెప్పమన్నప్పుడే నిజము బయటపడును. ఇచట తడబడినది యంత్రము చేసినవాని తప్పుగా వ్రాసికొందురు గాని కూర్చున్నవాని తప్పుగా కాదు.

ఎందరిని పిలువవలయును? ఐదుగురు చాలుదురని, వారివలన దోషములలో నూటికి సుమారు 85 బయటపడునని జేకబ్ నీల్సన్ 2000లో వ్రాసెను. అయితే ఆయన లెక్క ఒకే తరహావారికి. కన్సోలు ఉన్న యింట ఆటలలో ఆరితేరిన బాలుడును, పలకను తలక్రిందులుగా పట్టుకొను అవ్వయు ఒకే టీవీ చూతురు. బాలురనే పరీక్షించినచో అవ్వ కష్టము పుస్తకమున కెక్కదు. రెండు తెగలనుండియు కొందరిని కూర్చుండబెట్టవలయును. దిద్దిన తరువాత క్రొత్తవారితో మరల చూడవలయును.

ఇప్పుడు పేరు, రహస్యపదము మీటలతో వ్రాయించుటకు మారుగా అనేక యాప్‌లు తెరపై నొక చిన్న సంకేతమును చూపి, దానిని ఫోనులో వ్రాయుమనుచున్నవి. ఇది మేలే. కాని అవ్వ కంటద్దాలు తెచ్చుకొని, ఫోను వెదకి, అంకెలను సరిచూచుకొనునంతలో ఆ సంకేతము గడువు తీరి మాసిపోరాదు. ఆ గడువు ఎన్ని నిమిషములుండవలయునో బల్లముందు కూర్చుండి తేల్చుటకు వీలుపడదు. మరల నొక అవ్వను పిలిచి, నోరు మెదపక ప్రక్కన కూర్చుండవలసినదే.