మెత్తని మాటల్లో దాగిన కీడు

పిల్లలను లైంగికంగా వాడుకోవాలని ఆన్‌లైన్‌లో కాచుకుని ఉండే పెద్దలు తాము చేసే పనిని దాని అసలు పేరుతో పిలవరు. దానికి వాళ్లు పెట్టే పేర్లు ఫ్రెండ్‌షిప్, లవ్, ఫన్, నమ్మకం. ఈ పేర్లతో వాళ్లకు రెండు లాభాలు. పిల్లకు అనుమానం రాదు. రేపు పట్టుబడితే ‘జోక్‌కు అన్న’ అని తప్పుకోవచ్చు.

ఆటల యాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో మొదలయ్యే ఇలాంటి పరిచయంలో మొదట వినిపించేది పొగడ్త. ‘నువ్వు అందరి పిల్లల లెక్క కాదు, మస్తు మెచ్యూర్డ్.’ ఈ మాట పిల్లను తన ఈడువాళ్ల నుంచి వేరు చేస్తుంది. ‘మీ అమ్మానాన్నలకు నువ్వు అర్థం కావు’ అన్న మాట ఇంటి నుంచి వేరు చేస్తుంది. తరువాత ‘ఇది మన ఇద్దరి సీక్రెట్’, ‘వేరే యాప్‌లకు రా, అక్కడ ఫ్రీగ మాట్లాడుకుందాం’, ‘చాట్ డిలీట్ చెయ్’ అంటారు. ఆ పైన వచ్చేది ‘నమ్మకముంటే ఒక్క ఫొటో పంపు’. ఆ ఒక్క ఫొటో చేతికి చిక్కాక మెత్తదనం పోయి బెదిరింపు మొదలవుతుంది. వరసలు కూడా ముసుగుగా పనికొస్తాయి. చెల్లీ అని పిలిచి అన్నా అనిపించుకునే అపరిచితుడి మీద పిల్లలకు అనుమానం కలగడం కష్టం.

వీటిలో చాలా మాటలు మంచివాళ్లూ వాడేవే. అందుకే మాటను కాక, ఆ మాట ఏం అడుగుతున్నదో చూడాలి. ఒక పెద్ద మనిషి పిల్లను రహస్యం దాచమన్నా, చాట్ చెరిపేయమన్నా, ఒంటి గురించి అడిగినా, ఎంత ముద్దుగా అడిగినా అది ప్రమాదమే.

ఈ మెత్తని పేర్లు బహిరంగంగానూ చలామణి అవుతాయి. 2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్ బృందం ఒక తండ్రి, అతని చిన్నారి కూతురి వీడియో మీద లైంగిక వ్యాఖ్యలు చేసి నవ్వుకుంది. అలాంటి వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు డార్క్ కామెడీ. నటుడు సాయి ధరమ్ తేజ్ బహిరంగంగా నిలదీశాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేశారు.

న్యాయస్థానం కూడా పేర్ల సంగతి పట్టించుకుంది. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అనే మాటను కోర్టులు వాడవద్దని, అలాంటి చిత్రాలు పిల్లలపై జరిగిన లైంగిక దోపిడీకి, హింసకు సాక్ష్యమని తెలిసేలా పేరు ఉండాలని చెప్పింది. ఎంతో అవసరమైన దిద్దుబాటు ఇది. ఏ పేరు పెట్టుకున్నా, లైంగిక చర్య కోసం పిల్లలను ఆన్‌లైన్ సంబంధంలోకి దింపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. మొదటిసారికి 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటాయి. లైంగిక ఉద్దేశంతో పిల్లలను ఫోన్‌లో పదేపదే పలకరించడాన్ని కూడా 2012 నాటి పోక్సో చట్టం లైంగిక వేధింపు కిందే లెక్కిస్తుంది.

మరో మెత్తదనం ఇళ్లలోనే ఉంది. 2020లో ఆన్‌లైన్ చదువులతో పల్లె పిల్లల చేతికీ ఫోన్ వచ్చింది. అందులో ఎదురయ్యేదాన్ని చెప్పుకునే మాటలు మాత్రం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. ‘తప్పు పని’, ‘పాడు మాటలు’ అని మాత్రమే విన్న పిల్ల, తప్పు తనదే అనుకుని నోరు మూసుకుంటుంది. శరీర భాగాల పేర్లు మామూలుగా పలికే ఇంట్లో పిల్ల జరిగినది జరిగినట్టు చెప్పగలుగుతుంది. పరువు పోతుందని దాచడం నేరగాడికే మేలు చేస్తుంది. పైగా నేరం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో కింద శిక్షార్హం.

నల్గొండ జిల్లా కేతేపల్లి లాంటి మండల కేంద్రంలో అనుమానం వచ్చిన తల్లిదండ్రులు స్థానిక పోలీస్ స్టేషన్‌కు వెళ్లవచ్చు, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండానే ఇవ్వవచ్చు. నేరగాడు ఏ ఊరివాడైనా ఫిర్యాదు తీసుకోవలసిందే. పిల్ల పేరు, ఫొటో, బడి వివరాలు పత్రికల్లో రాకూడదని చట్టం చెబుతున్నది. ఈ లోగా పిల్లను తిట్టకూడదు, చాట్ చెరిపేయకూడదు, అవతలివాడికి ఫోన్ చేసి హెచ్చరించకూడదు. ఫొటోలను సాక్ష్యమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా, ఫోన్‌ను ఉన్నదున్నట్టు పోలీసులకు చూపాలి.