తల్లిని సాగనంపిన పాట



అమెరికాలో బ్రిస్టల్ అని ఒక ఊరుంది. మనలాగే సరిహద్దు మీద ఊరు. దాని పెద్దవీధి నడుమనుంచే వర్జీనియా, టెన్నెస్సీ రాష్ట్రాల హద్దు పోతుంది. 1927లో ఏ.పీ. కార్టర్, ఆయన భార్య సారా, మరదలు మేబెల్ తొలిసారి రికార్డుకు పాడింది అక్కడే.

వారు 1935లో రికార్డు చేసిన 'కెన్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్' కంట్రీ గాస్పెల్ పాట; అంటే పల్లె బాణీలో సాగే క్రైస్తవ భక్తిగీతం. దీనికి మూలం 1907 నాటి ఒక కీర్తన. విడిపోయిన కుటుంబం పరలోకంలో మళ్ళీ కలుస్తుందా అన్నది అందులోని ప్రశ్న. కార్టర్లు ఆ ప్రశ్నను పల్లవిలో ఉంచి, చరణాలు మార్చారు.

మబ్బు పట్టిన చలిరోజు. కొడుకు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తల్లి శవాన్ని తీసుకుపోయే బండి వచ్చింది. కాస్త నెమ్మదిగా తోలమని బండివాణ్ణి బతిమాలుకుంటాడు.

నెమ్మదిగా పోయినా బండి శ్మశానం చేరక మానదు. ఆ సంగతి అతనికీ తెలుసు. మా అమ్మను తీసుకువెళ్ళిన రోజు, "మెల్లగా నడవండయ్యా" అని నేనూ అన్నాను. వేరే మతం, వేరే భాష అయినా ఆ పాట నన్ను పట్టుకున్నది అక్కడే.

చరణాల్లో కొడుకు ఒంటరివాడు. పల్లవికి వచ్చేసరికి, మన భజనలోలాగే, తక్కిన గొంతులు వచ్చి కలుస్తాయి. ఎప్పుడైనా ఈ పాట వింటే, మాటలు అందకపోయినా ఫరవాలేదు. ఆ గొంతులు కలిసేచోట చెవి పెట్టండి.

సెలవు.