తప్పు జోగినిదా, ఊరిదా?

ఒకప్పటి నిజామాబాద్ జిల్లాలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఇంట్ల రోగమొస్తే దేవత కోపమన్నారు. ఆ తప్పు తీర్చడానికి మాల, మాదిగ ఆడపిల్లకు పట్టం కట్టి జోగినిని చేశారు. పెండ్లి దేవతతో, అనుభవించేది ఊరి పెద్దలు. నిందమాత్రం పిల్లకే.

శాంతి ప్రబోధ 'జోగిని' నవల ఈ జిల్లా బతుకే. యువకులతో చదివించేటప్పుడు టీచర్లు ఆమె మీద జాలి దగ్గరే ఆగిపోతారు, అదే నా పేచీ. కొత్త బతుక్కి హేమలతా లవణం వంటివారు ఇక్కడ దారి వేశారు. జోగిని చేసుకున్న పెండ్లి చెల్లుతుందని, పిల్లలు అక్రమ సంతానం కారని 1988 చట్టం చెప్పింది. అయినా బడి రిజిస్టరులో తండ్రి పేరు కాడ కలం ఆగేది. తలొంచుకున్నది తల్లి. పేరు చెప్పాల్సినోడు ఊరికి తీర్పులు చెప్పుకుంట కూసున్నడు.