గోధుమ లేదు సరే, తీపి మాటేమిటి?

గ్లూటెన్ ఫ్రీ, షుగర్ ఫ్రీ, లో కార్బ్... మూడూ ఒకటేననుకుని కొంటే జేబుకే కాదు, ఒంటికీ నష్టమే. భిలాయ్ ఉక్కునగరంలో తెలుగువారి చిరుతిళ్ల డబ్బా తెరిస్తే ఆ తేడా తేలిగ్గా తెలుస్తుంది

శ్రావణ మాసం చివరి అమావాస్య తెలుగు ఇళ్లలో పోలాల అమావాస్య. కంద మొక్కకు పూజ చేసి గారెలు, బూరెలు నైవేద్యం పెట్టే రోజు. సరిగ్గా అదే రోజు ఛత్తీస్‌గఢ్‌లో పోలా పండుగ. అక్కడ మట్టి ఎడ్లను పూజిస్తారు, వంటింట్లో ఠేఠరీ, ఖుర్మీ వేయిస్తారు. శనగపిండితో చేసే కారపు తిండి ఠేఠరీ అయితే, గోధుమపిండి, బెల్లం కలిపి చేసేది ఖుర్మీ. రెండు సంప్రదాయాలూ పక్కపక్క క్వార్టర్లలో ఉండే భిలాయ్ లాంటి ఊళ్లో ఈ నాలుగు వంటకాలూ ఒకే పళ్లెంలోకి చేరడం వింతేమీ కాదు.

ఆ పళ్లెం ముందు ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు గోధుమ పడని సీలియాక్ వ్యాధి ఉన్న మనవడు. మరొకరు షుగర్ వ్యాధి ఉన్న తాతయ్య. మనవడికి గారె, బూరె, ఠేఠరీ మూడూ పనికొస్తాయి, ఖుర్మీ మాత్రం ముక్క కూడా వద్దు. తాతయ్యకు బూరె, ఖుర్మీ రెండూ తిప్పలే. గారె, ఠేఠరీ ఒకటో రెండో పర్వాలేదు. పళ్లెం ఒకటే, జవాబులు రెండు. ‘ఆరోగ్యకరం’ అన్న ఒక్క మాటతో ఈ ఇద్దరికీ ఒకే ప్యాకెట్ అమ్మాలని చూడటంలోనే అసలు చిక్కంతా ఉంది.

ఉక్కుతో పాటు వచ్చిన వంటలు

నాటి సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని కోసం దేశం నలుమూలల నుంచి జనం తరలివచ్చారు. ఊరికి ‘మినీ ఇండియా’ అన్న పేరు అలా వచ్చిందే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వారికి ఇది మరీ దూరాభారం కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్‌కు రైలు మార్గం అప్పటికే ఉంది. 2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు కూడా మొదలైంది.

వలస వచ్చిన వారు తమ వంటలు తెచ్చుకున్నారు, ఇరుగుపొరుగు వంటలు నేర్చుకున్నారు. బీహారీల ఠేకువా, పంజాబీల పరాఠా గోధుమ తిళ్లు. తెలుగువారివీ ఛత్తీస్‌గఢీలవీ చాలావరకు బియ్యం, పప్పుల తిళ్లు. ఛత్తీస్‌గఢీల చీలా దాదాపు మన అట్టే. బియ్యప్పిండిని చుట్టి ఆవిరి మీద ఉడికించేది ఫరా. బియ్యప్పిండి, బెల్లం పాకంతో చేసే అయిర్సా రుచి చూసిన తెలుగువారికి సంక్రాంతి అరిసె గుర్తుకు రాక తప్పదు.

అంటే గ్లూటెన్ లేని తిండి ఈ వంటిళ్లకు కొత్త కాదు. పెసరట్టు, జంతికలు, చెక్కలు, సున్నుండలు, మినపరొట్టె... ఇవన్నీ ఎవరూ లేబుల్ అంటించకముందే గ్లూటెన్ ఫ్రీ. విదేశీ పేరున్న బిస్కెట్ కోసం నాలుగింతల ధర పెట్టే ముందు ఇంట్లో డబ్బాలు వెతుక్కుంటే చాలు.

ఇంగువలో గోధుమ

గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో అది చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, విడవని విరేచనాలు, మందులకు లొంగని రక్తహీనత దీని లక్షణాలు. మన దేశంలో ఇది అంతటా ఒకే తీరులో లేదు. వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో కనిపిస్తే, దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనిపించాయని 2016లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అందుకే దక్షిణాది కుటుంబాలకు ఈ వ్యాధి సంగతి తట్టేసరికి ఆలస్యమవుతుంది.

అనుమానం రాగానే గోధుమ మానేయడం తొందరపాటు. ముందు టీటీజీ రక్తపరీక్ష చేయించాలి. గోధుమ మానేసి కొన్ని నెలలయ్యాక పరీక్షిస్తే వ్యాధి ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. నిర్ధారణ అయితే మాత్రం జీవితాంతం పథ్యమే. అందులో ‘పండుగ పూట కాస్త’ అన్న మినహాయింపు లేదు.

అసలు పరీక్ష వంటింట్లో మొదలవుతుంది. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండో మైదానో కలుపుతారు. బియ్యప్పిండి చెక్కల్లో చిటికెడు ఇంగువ వేస్తే మనవడి పథ్యం చెడినట్టే. బియ్యప్పిండి కలిపిన ఇంగువా దొరుకుతుంది, డబ్బా మీది చిన్నక్షరాలు చదవాలి. రెండోది పిండిమర. అదే రాతి మీద ముందు వచ్చిన వారి గోధుమలు ఆడించి, తర్వాత మన బియ్యమో శనగపప్పో పోస్తే గోధుమపిండి కలవక మానదు. ఇంట్లో మిక్సీలో కొట్టుకోవడమే క్షేమం. పూరీలు కాల్చిన నూనెలో గారెలు వేయించకూడదు. మన ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉన్న పదార్థానికి ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయడానికి వీల్లేదు. చెంచాడు గోధుమపిండి కలిస్తే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది.

బెల్లమూ చక్కెరే

ఇక తాతయ్య సంగతి. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. వీరి కోసమే ‘షుగర్ ఫ్రీ’ అన్న అక్షరాలు ప్యాకెట్ల మీద మెరుస్తుంటాయి.

వంద గ్రాములకు అర గ్రాము మించి చక్కెర లేకపోతే ఆ మాట రాసుకోవచ్చని నిబంధన. అందులో మైదా ఎంత ఉందన్నది ఆ మాట చెప్పదు. మైదాలో మూడొంతులు పిండిపదార్థమే. అరిగాక అదీ గ్లూకోజే అవుతుంది. చక్కెర లేని మైదా బిస్కెట్ తినడమంటే ముందు తలుపు మూసి పెరటి తలుపు తెరిచిపెట్టడమే.

‘పంచదార లేదు, బెల్లమే’ అనేది మరో భ్రమ. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. కొంత ఇనుము, ఖనిజాలు ఉండొచ్చు గానీ రక్తంలో గ్లూకోజ్ పెంచడంలో పంచదారకు తీసిపోదు. ఖర్జూరం, తేనె కూడా అంతే. సున్నుండ గ్లూటెన్ లేని తిండే, కానీ చక్కెర లేని తిండి కాదు.

ప్రత్యామ్నాయ తీపి పదార్థాల్లోనూ తేడాలున్నాయి. అస్పర్టేమ్ వేడికి తీపి కోల్పోతుంది కాబట్టి కేకుకు పనికిరాదు. స్టీవియా, సుక్రలోజ్ చిటికెడు చాలు, కానీ పంచదార ఇచ్చే తేమ, బరువు, ఎర్రటి రంగు ఇవ్వలేవు. మాల్టిటాల్ చాలా ‘షుగర్ ఫ్రీ’ చాక్లెట్లలో ఉంటుంది. అది పంచదారంత కాకపోయినా గ్లూకోజ్ పెంచుతుంది, ఎక్కువైతే విరేచనాలు తప్పవు. ఎరిత్రిటాల్ గ్లూకోజ్‌ను దాదాపు పెంచదు. అయితే రక్తంలో దాని మోతాదు ఎక్కువగా ఉన్నవారిలో గుండె జబ్బులు కూడా ఎక్కువగా కనిపించాయని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 2023లో ప్రకటించారు. కారణం అదేనని రుజువు కాలేదు. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలపై ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది సూచించింది. ఆ సూచన మధుమేహం ఉన్నవారికి వర్తించదని కూడా స్పష్టం చేసింది.

చిరుధాన్యాల పేచీ

ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారికి చోడి అంబలి చిన్ననాటి తిండి. అదే ధాన్యం బస్తర్‌లో మడియా. అరికెలు, సామలు ఇక్కడ కోదో, కుట్కీ. 2021లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మిల్లెట్ మిషన్ ప్రారంభించి వీటి సేకరణ చేపట్టింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక రాగి బిస్కెట్లకు, కోదో లడ్డూలకు గిరాకీ పెరిగింది.

మనవడికి ఇది శుభవార్తే. చిరుధాన్యాల్లో గ్లూటెన్ లేదు, రాగుల్లో కాల్షియం దండిగా ఉంది. తాతయ్య మాత్రం ఆచితూచి అడుగేయాలి. వంద గ్రాముల రాగుల్లో పిండిపదార్థం 70 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. బియ్యంతో పోలిస్తే పీచు ఎక్కువ, కానీ ‘లో కార్బ్’ మాత్రం కాదు. 2025లో వెలువడిన ఇండియాబ్ ఆహార విశ్లేషణ ఈ విషయం తేల్చేసింది. భారతీయుల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. మొత్తం పరిమాణం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమో చిరుధాన్యమో తింటే మధుమేహం ముప్పు తగ్గిన దాఖలా లేదు. కేలరీల్లో 5 శాతాన్ని పిండిపదార్థాల నుంచి పప్పుల, పాల ప్రొటీన్ల వైపు మళ్లిస్తే ముప్పు తగ్గే సూచన కనిపించింది. పిండి మార్చినంత మాత్రాన పని కాదు, పిండి తగ్గాలి.

వేరుశనగ బిస్కెట్

తగ్గించడం ఎలా? ఇంటి బేకింగ్ ఇక్కడే అక్కరకొస్తుంది. ప్యాకెట్‌లో ఏముందో కంపెనీ నిర్ణయిస్తుంది, ఇంటి ట్రేలో ఏముందో మనమే నిర్ణయిస్తాం. మైదా తడిసినప్పుడు గ్లూటెన్ సాగే వలలా మారి గాలి బుడగల్ని పట్టి ఉంచుతుంది. కేకు పొంగేది అందుకే. ఆ వల లేనప్పుడు గుడ్డు ఆ పని చేయాలి. దానికి తోడు ఇసబ్‌గోల్ పొట్టు చెంచాడు కలిపి పది నిమిషాలు నాననిస్తే జిగురు వచ్చి పిండి విరగకుండా ఉంటుంది.

విదేశీ వంటల్లో మైదా స్థానం బాదంపొడిది. వంద గ్రాముల బాదంలో పిండిపదార్థం 22 గ్రాములు, అందులో సగానికి పైగా పీచే. ధరే గుండె గుభిల్లుమనిపిస్తుంది. వేరుశనగ లెక్క ఇంకా మెరుగు. పిండిపదార్థం 16 గ్రాములు, ప్రొటీన్ 25 గ్రాములకు పైనే. వేయించి పొట్టు తీసిన వేరుశనగపొడి ఒకటిన్నర కప్పులు, నువ్వులు పావు కప్పు, ఇసబ్‌గోల్ చెంచాడు, గుడ్డు ఒకటి, ఉప్పు, కారం, జీలకర్ర కలిపి ముద్ద చేసి, పలుచగా ఒత్తి ముక్కలు కోయాలి. 160 డిగ్రీల వద్ద 15 నుంచి 20 నిమిషాలు చాలు. గింజల పొడులు తొందరగా మాడతాయి కాబట్టి మైదా వంటలకు పెట్టే 180 డిగ్రీలు వద్దు. వేడి మీద మెత్తగానే ఉంటాయి, చల్లారాకే కరకరలాడతాయి. ఓవెన్ లేకపోతే అడుగున ఉప్పు పోసి, గాస్కెట్, విజిల్ తీసేసిన కుక్కరే ఓవెన్. ఇందులో గోధుమ లేదు, చక్కెర లేదు, పిండిపదార్థం తక్కువ. తాతామనవళ్లిద్దరూ కలిసి తినొచ్చు. కారపు తిండి కావడంతో తీపి పదార్థాల గొడవే లేదు. అలాగని డబ్బా ఖాళీ చేస్తే కేలరీలు మాత్రం ఊరుకోవు.

మందుల మాట మరవొద్దు

పిండిపదార్థాలు పూర్తిగా మానేయడం ఇంకో కొస. 2017-18లో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన కొవ్వు ప్రధాన ఆహార విధానం తెలుగు ఇళ్లలో ఊపేసింది. బరువు తగ్గామన్నవారూ ఉన్నారు, ప్రమాదమని హెచ్చరించిన వైద్యులూ ఉన్నారు. వాదన ఎలా ఉన్నా ఒక విషయంలో రాజీ లేదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు ఒక్కసారిగా పిండిపదార్థాలు తగ్గిస్తే గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ తరహా మందులు వాడేవారికైతే గ్లూకోజ్ పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లమయమయ్యే కీటోఅసిడోసిస్ ముప్పుంది. పళ్లెం మార్చే ముందే డాక్టర్‌తో మాట్లాడి మందు మోతాదు మార్చుకోవాలి.

ఉక్కునగరంలో మరో కోణమూ ఉంది. ఫర్నేస్‌కు రాత్రీ పగలూ లేవు, శరీరానికి ఉన్నాయి. పగలు తిన్న తిండినే రాత్రివేళ తింటే గ్లూకోజ్ మరింత పెరుగుతుంది. నైట్ షిఫ్టులో టీతో పాటు రెండు తీపి బిస్కెట్లు తినే అలవాటున్నవారు ముందుగా మార్చుకోవలసింది వాటినే. గుప్పెడు వేయించిన శనగలో, ఉడికించిన గుడ్డో టిఫిన్ డబ్బాలో పెట్టుకోవడానికి ఏ లేబులూ అక్కర్లేదు.

కొత్త చిరుతిండి ఏదైనా తనకు పడుతుందో లేదో తేల్చుకునే సాధనం చాలామంది మధుమేహుల ఇళ్లలో ఉండనే ఉంది. తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు మరోసారి గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. అంకె బాగా ఎగబాకితే ప్యాకెట్ మీద ఏం రాసున్నా ఆ తిండి తాతయ్యది కాదు.