నమ్మరాని వానలు – నిలదొక్కుకొను సేద్యము

వాన రాకడయు, ప్రాణము పోకడయు నెవ్వరికి నెఱుకయని మన పెద్దలు చెప్పుదురు. మన పాఠశాలలో చదువు బాలబాలికలలో పలువురి తల్లిదండ్రులు సేద్యగాండ్రు. “పసుపు అమ్ముడుపోయిన పిదప ఫీజు చెల్లింతుము”, “వరి కోసిన తరువాత పుస్తకములు కొందుము” అని వారు వ్రాసి పంపు చీటీలు మాకు క్రొత్తవి గావు. వాన తప్పినను, ధర పడినను, ఎచ్చటనో యొక బాలుని చదువు ఆగిపోవుట సంభవించును. కావున నమ్మరాని వానలలోను, నిలుకడలేని ధరలలోను సేద్యమును, సేద్యముచే బ్రతుకు కుటుంబమును ఎట్లు నిలుపుకొనవచ్చునో మాకు తెలిసినంత వఱకు ఇచ్చట వివరింపబూనితిమి.

మొదట మన సీమ కథనే చూతము. మంజీరా నదిపై నిజాంసాగర నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. దీని నిర్మాణమును నడిపిన యింజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కాలువ నీరు వచ్చిన మీదట కోస్తా జిల్లాలనుండి అనేక రైతు కుటుంబములు వచ్చి బోధను, వర్ని, బాన్సువాడ ప్రాంతములలో స్థిరపడినవి. నేటికిని “క్యాంపు” అను పేరుతో పిలువబడు ఊళ్లు ఆ వలసకు గుర్తులు. 1937లో బోధను చెంత శక్కరునగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒక కాలమున అది ఆసియా ఖండమునందలి మిక్కిలి పెద్ద చక్కెర మిల్లులలో నొకటిగా పేరొందెను. ఈ రీతిగా రైతునకు రెండు ధైర్యములు కలిగినవి: పైరునకు నీరిచ్చు కాలువ యొకటి, పంటను కొను మిల్లు మఱియొకటి.

ఈ రెండు ధైర్యములును శాశ్వతములు కాలేదు. నిజాంసాగరము తొలుత సుమారు 29.7 టీ.ఎం.సీ.ల నీరు పట్టునట్లు కట్టబడెను. ఏఱు తెచ్చు ఒండ్రు ఏటేట అడుగున పేరుకొనుటచే ఆ పరిమాణము తగ్గి, కట్ట యెత్తు పెంచిన పిదపను నేడు 18 టీ.ఎం.సీ.లకు మించుట లేదు. ఎగువన సింగూరు జలాశయము వెలసిన తరువాత మంజీరా నీటిలో గొప్ప భాగము హైదరాబాదు దాహమును దీర్చుటకు పోయెను. 2015లో పసిఫిక్ మహాసముద్రపు జలములు మిక్కిలి వేడెక్కి, ఎల్ నినో అను స్థితి యేర్పడెను. అట్టి సంవత్సరములలో మన ఋతుపవనములు తఱచుగా బలహీనపడుచుండును. ఆ యేడు సింగూరును, నిజాంసాగరమును ఎండినవి. అదే సంవత్సరము డిసెంబరులో బోధను మిల్లు మూతపడెను. చెఱకు కోసిన పిదప నిలువయుంచదగిన పంట గాదు. గడ కోసిన దినమునుండి బరువును, తీపియు తగ్గుచుండును. కావున చెఱకు రైతు తన యిష్టము వచ్చిన చోట అమ్ముకొనలేడు; చెంత మిల్లు లేనిచో దూరపు బండి కూలి యతని లాభమును మ్రింగివేయును. ఏడాది తిరుగకముందే, 2016 సెప్టెంబరులో, భారీ వానలు కురిసి ఎండిన జలాశయములు నిండి పొంగినవి. 2025 ఆగస్టు నెలాఖరున కామారెడ్డి, మెదకు ప్రాంతములలో కురిసిన అతివృష్టి మరల పైరులను నీట ముంచెను. అనావృష్టియు, అతివృష్టియు, ధరల పతనమును ఒకే తరమువారు చూడవలసిన కాలము వచ్చినది.

మా యెఱుకలోని యొక తండ్రి కథ ఇచ్చట చెప్పదగియున్నది. ఆయనకు నాలుగెకరముల భూమి, అంతయు చెఱకే. 2015లో రెండు బోర్లు ఎండిపోగా, అప్పు చేసి మూడవ బోరు వేయించెను. అందును నీరు పడలేదు. ఆ యేడు ఆయన కుమారుడు ఒక టరము బడికి రాలేదు. మఱుసటి యేడు ఆ తండ్రి ఆలోచన మార్చి, రెండెకరములలో సోయాచిక్కుడు, ఒక యెకరములో మొక్కజొన్నతో గూడిన పసుపు, మిగిలినదానిలో వరి వేసెను. సెప్టెంబరు వానలకు సోయా కొంత చెడెను. కాని చెఱువు నిండుటచే వరి దక్కెను. సోయా కోసిన నేలలో తేమ నిలిచి, యాసంగిలో శనగ పండెను. ఒకటి పోయినను రెండు నిలిచినవి. బాలుడు మరల తరగతిలో కూర్చుండెను. మేము చెప్పదలచిన సంగతి యంతయు ఈ కథలోనే యున్నది.

ఇక ఉపాయములను వరుసగా విచారింతము.

మొదటిది నేల. చల్క భూమి నీటిని త్వరగా విడుచును. నల్లరేగడి నీటిని పట్టియుంచును గాని, అధికమైనచో వేళ్లను ఉక్కిరిబిక్కిరి చేయును. ఈ రెండింటికిని మందు ఒక్కటే: పశువుల ఎరువు, ఆకు, చెత్త కుళ్లి కలిసిన జీవమట్టి. ఇది కఱవులో తడిని దాచును, ముంపులో నీరు ఇంకుటకు త్రోవ చూపును. తొలకరిలో జీలుగ గాని జనుము గాని చల్లి, పూతకు వచ్చు వేళ, అనగా సుమారు నలువదియైదు దినములకు, నేలలో కలియదున్నుట అల్పవ్యయముతో కూడిన మంచి పద్ధతి. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెఱువులనుండి తీసిన పూడికమట్టిని పొలములకు తోలుకొనిన రైతులు ఒకే పనితో రెండు లాభములు పొందిరి: చెఱువు లోతెక్కినది, పొలము సారమెక్కినది.

రెండవది నీరు. వరికి ఎల్లప్పుడు నీరు నిలిచియుండవలెనను తలంపు అన్ని దశలయందును నిజము గాదు. పొలములో రంధ్రములు గల గొట్టమును పాతి, అందలి నీరు నేలమట్టమునకు సుమారు ఆఱంగుళముల లోతునకు దిగినపుడు మరల తడి పెట్టు పద్ధతివలన, దిగుబడి తగ్గకుండ నీటిలో నూటికి పదునైదు మొదలు ముప్పది పాళ్లు మిగులునని పరిశోధనలు తెలిపినవి. పూత సమయమున మాత్రము నీరు తక్కువ చేయరాదు. పసుపునకు దీనికి విరుద్ధమైన భయము గలదు. నీరు నిలిచిన చోట దుంపకుళ్లు వచ్చును. అందుచే ఎత్తు మళ్లపై నాటి, బిందుసేద్యముతో తడుపుట మేలు.

మూడవది పంటల కూర్పు. మన జిల్లాలో పసుపులో మొక్కజొన్న వేయుట పాత వాడుక. దీనిలోని వివేకమును గమనింపుడు. పసుపు జూను మాసమున నాటిన పిదప జనవరి మొదలు మార్చి వఱకు చేతికి రాదు. మొక్కజొన్న దసరా నాటికి కండెలిచ్చి, నడుమ ఖర్చులకు రొక్కము నిచ్చును. లేత పసుపునకు నీడయు నగును. సోయా, శనగ, పెసర వంటి కాయజాతి పైరులు తమ వేరు బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయమున గాలిలోని నత్రజనిని నేలకు చేర్చి, తరువాతి పైరునకు ఎరువు ఖర్చు తగ్గించును. ఆర్మూరు, అంకాపూరు వైపు ఎఱ్ఱజొన్నను విత్తనము కొఱకు పండించి, ఉత్తరదేశమున పశుగ్రాసమునకై అమ్ముదురు. అయితే కొనువారు కొలదిమందియైనపుడు ధర వారి చేతిలోనుండుననియు మఱువరాదు.

నాలుగవది బేరము. పసుపునకు కనీస మద్దతు ధర లేదు. 2019 ప్రాంతమున క్వింటాలు అయిదాఱువేల రూపాయలకు పడిపోయిన పసుపు, 2024 వేసవి నాటికి పదునైదువేలు దాటెను. ఒకే దుంప, ఒకే కష్టము. ధర మాత్రము మూడింతలు! 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీ చేయగా, వారిలో 170 మందికి పైగా పసుపు, ఎఱ్ఱజొన్న రైతులే. తమ గోడు దేశమునకు వినిపించుటకై వారెన్నుకొనిన మార్గమది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన పట్టణమున ఆరంభమైనది. బోర్డు యెంత చేసినను రైతు చేయవలసిన పనియు గలదు: దుంపను చక్కగా ఉడికించి, తేమ పోవునట్లు ఎండబెట్టి, గ్రేడు చేసి, పలువురు కలిసి అమ్ముట. పచ్చిసరకును అప్పులవాని తొందరపై అమ్మువానికి ధర నడుగు బలముండదు.

అయిదవది లెక్క. ఇదియే మన విద్యార్థులు తోడ్పడగలిగిన పని. ప్రతి మడికిని ఒక పుట కేటాయించి, విత్తనము, ఎరువు, కూలి, ట్రాక్టరు, వడ్డీ యని వేఱువేఱుగ వ్రాయవలెను. ఇంటివారి కష్టమునకు సైతము కూలి కట్టవలెను. అప్పుడు ఏ పైరు నిజముగ మిగిల్చినదో, ఏది మిగిల్చినట్లు భ్రమపెట్టినదో తేలును. మంచి యేటి లాభములో కొంత భాగమును చెడ్డ యేటికై దాచుట ఈ లెక్క చూచినవారికే సాధ్యము. విత్తుటకు ముందు నూఱు గింజలను తడిగోనెలో చుట్టి, వారమునాటికి ఎన్ని మొలకెత్తినవో లెక్కించుటయు బాలురు చేయదగిన పనియే. ఎనుబది మొలచినచో విత్తనము మంచిది; ఏబదియే మొలచినచో ముందే తెలిసినందులకు సంతోషింపవలెను.

ఈ యుపాయములలో నేదియు వానను రప్పింపజాలదు, వఱదను ఆపజాలదు. కాని ఒక్క దెబ్బకు ఇల్లంతయు కూలకుండ కాపాడును. ఒక్క స్తంభముపై కట్టిన పందిరి గాలికి పడిపోవును. నాలుగు గుంజలపై వేసినది ఒకటి విఱిగినను నిలుచును. విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి పోయినపుడు మీ తండ్రిగారి చెంత కూర్చుండి, పోయిన మూడేండ్ల పంటల లెక్కను ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. తల్లిదండ్రులారా! ఆ పుస్తకమును చూచి, రాబోవు తొలకరికి ఏ మడిలో ఏమి వేయవలెనో మీ పిల్లలతో గూడ నొక మాట ఆలోచింపుడు. బడి తెఱచిన పిదప ఆ పుస్తకములను మేము మిక్కిలి ఆసక్తితో చదువగలము.