ఆవేశానికి లెక్క: తరగతి గదిలో ఎలక్ట్రోమీటరు

ప్లాస్టిక్ దువ్వెనను పొడి జుట్టుపై రుద్ది కాగితపు ముక్కల దగ్గరకు తెస్తే అవి ఎగిరి వచ్చి అంటుకోవడం పాఠశాలల్లో చిరకాలంగా చూపే ప్రయోగమే అయినా, అది ఆవేశం ఉన్నదని తెలుపుతుందే గాని ఎంత ఉన్నదో, అది ధనమో ఋణమో తెలుపదు. ఇంగ్లండులో అబ్రహాం బెన్నెట్ 1787లో వర్ణించిన స్వర్ణపత్ర విద్యుద్దర్శినిలో రెండు పలుచని బంగారు రేకులు ఒకే రకపు ఆవేశాన్ని పొంది ఎడంగా జరుగుతాయి. ఆ ఎడం హెచ్చుతగ్గులను సూచిస్తుంది గాని, దానిని అంకెల్లోకి తేవడం కష్టం. ఆ కొరతను తీర్చే పరికరమే ఎలక్ట్రోమీటరు.

వోల్టులను కొలిచే మల్టీమీటరు ప్రతి ప్రయోగశాలలోనూ ఉండగా వేరే పరికరం ఎందుకన్న సందేహం సహజం. మామూలు డిజిటల్ మల్టీమీటరు నిరోధం, అంటే విద్యుత్ ప్రవాహానికి అది కల్పించే ఆటంకం, సుమారు కోటి ఓమ్‌లు. బ్యాటరీని కొలిచేటప్పుడు అది చాలా ఎక్కువే. కాని రుద్దడం వల్ల పుట్టిన ఆవేశం ఎంత స్వల్పమంటే, 100 పికోఫారడ్‌ల కెపాసిటీ గల పాత్రలో ఉంచిన ఆవేశంలో అధికభాగం ఆ మీటరు గుండా సెకనులో వెయ్యో వంతు కాలంలోనే కారిపోతుంది. తరగతి గదుల్లో వాడే ఎలక్ట్రోమీటరు నిరోధం కోటి కోట్ల ఓమ్‌ల దాకా ఉంటుంది గనుక, అంతే ఆవేశం దాని గుండా కారడానికి సూత్రరీత్యా రెండున్నర గంటలకు పైగా పడుతుంది. కొలవవలసిన వస్తువును కొలత హరించకుండా ఉండడమే ఈ పరికరంలోని అసలు ప్రత్యేకత.

దీనితో చేసే ప్రయోగానికి మూలం మైకేల్ ఫారడే 1843లో మంచుగడ్డల బకెట్టుతో చేసిన పరిశీలన. నేటి తరగతి గదిలో ఆ బకెట్టు స్థానంలో ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు లోహపు జాలీ పాత్రలుంటాయి. బయటి పాత్రను భూమికి కలిపి, బంధకంపై నిలిపిన లోపలి పాత్రను ఎలక్ట్రోమీటరుకు కలుపుతారు. ఆవేశమున్న కడ్డీని తాకించకుండా లోపలి పాత్రలోకి దించితే ముల్లు కదిలి, బయటకు తీయగానే సున్నాకు వస్తుంది. అది ప్రేరణ, అంటే పాత్రలోని ఆవేశాలు చోటు మారడమే తప్ప కొత్త ఆవేశం చేరడం కాదు. కడ్డీని గోడకు తాకించి తీసినప్పుడు మాత్రం ముల్లు అక్కడే నిలుస్తుంది.

అన్నిటికన్నా విలువైనది దీని తరువాతి మెట్టు. ఆవేశం లేని రెండు భిన్న పదార్థాల పలకలను పాత్రలోనే, గోడలకు తాకకుండా, ఒకదానితో ఒకటి గట్టిగా రుద్దినా ముల్లు సున్నా వద్దే ఉంటుంది. ఒకదాన్ని బయటకు తీస్తే ముల్లు ఒక వైపుకు, దాన్ని తిరిగి ఉంచి రెండోదాన్ని తీస్తే అంతే దూరం మరో వైపుకు జరుగుతుంది. రుద్దడం ఆవేశాన్ని సృష్టించదనీ, ఒకదాని నుంచి మరొకదానికి మారుస్తుందనీ పుస్తకంలో కంఠస్థం చేసిన వాక్యం ఇక్కడ విద్యార్థి కంటికి కనబడుతుంది. ఎలక్ట్రోస్టాటిక్స్ పాఠానికి ఒకే ఒక్క ప్రయోగానికి వ్యవధి ఉంటే చేయవలసినది ఇదే.

ముల్లు వోల్టులను చూపినా, మీటరు, తీగ, పాత్ర మూడింటి మొత్తం కెపాసిటీ తెలిస్తే ఆ వోల్టుల, కెపాసిటీల లబ్ధమే ఆవేశం. కెపాసిటీ 100 పికోఫారడ్‌లై ముల్లు 8 వోల్టులు చూపితే ఆవేశం 0.8 నానోకులూంబ్‌లు, అంటే దాదాపు 500 కోట్ల ఎలక్ట్రాన్‌లు చేతులు మారినట్లు.

ఇంత సున్నితమైన పరికరం పరిసరాలకు కూడా స్పందిస్తుంది. ప్రయోగం చేసేవారు ముందుగా భూమికి కలిపిన బయటి పాత్రను తాకి తమ ఒంటిపై ఆవేశాన్ని తొలగించుకోవాలి. నైలాన్ దుస్తులతో దగ్గరగా కదలినా ముల్లు ఊగుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రతీరపు ఊళ్లలో, గాలిలోని తేమ పలకలపై కంటికి కనబడని నీటిపొరగా పేరుకుని ఆవేశాన్ని జార్చేస్తుంది కాబట్టి పొడి రోజును ఎంచుకోవడం మేలు. అత్యధిక వోల్టేజీని పుట్టించే వాన్ డి గ్రాఫ్ యంత్రానికి ఎలక్ట్రోమీటరును నేరుగా కలిపితే అది పాడైపోతుంది. రెండు పలకల కొలతలు కలిపినప్పుడు సున్నా రాకపోతే ఆ ఫలితాన్ని కొట్టివేయకుండా, తేడా ఎక్కడ పుట్టిందో విద్యార్థులచేతనే వెతికించాలి: చాలాసార్లు అది చెమట పట్టిన చేతివేళ్లు తాకిన పిడి దగ్గరే దొరుకుతుంది.