ఇంటి ముంగిట తురాయి చెట్టా, నందివర్ధనమా?

కొత్తగా ఇల్లు కట్టుకొన్నవారు, పాత ఇంటికి ప్రహరీ గోడ ఎత్తించినవారు మొదట వేసే ప్రశ్న ఒకటున్నది: గేటు పక్కన ఏమి నాటుదాము? మన పాత్రపూర్ ప్రాంతంలో దీనికి సాధారణంగా రెండు జవాబులు వినవస్తాయి. పిల్లలు తురాయి చెట్టు కావాలంటారు. ఇంట్లోని పెద్దవారు నందివర్ధనం చాలునంటారు. మొదటిది కనులపండువైన మహావృక్షం. రెండవది ఏడాది పొడుగునా పచ్చగా ఉండే పొద. ఆఫీసులో పద్దులు వ్రాసి అలవాటైన వారము గనుక, రెంటికీ జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క వేసి చూడవలెనని మాకు తోచినది.

ముందుగా పేర్ల సంగతి. తురాయిని మన ఒడియా పొరుగువారు కృష్ణచూడ అంటారు. నందివర్ధనాన్ని టగర అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ గడ్డ మద్రాసు రాజధానిలో ఉన్నది. అప్పటినుండి ఇప్పటిదాకా ఇంట్లో ఒక పేరు, వీధిలో ఒక పేరుగా మన మొక్కలు పెరుగుతూనే ఉన్నవి. బరంపురంలో మొక్కలు కొనబోయినప్పుడు రెండు పేర్లూ చెప్పి అడిగితే పొరపాటు జరగదు.

తురాయి మన దేశపు చెట్టు కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కరు దీవి. బోజర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ దానిని చూచి పెట్టిన పేరు 1829లో ఇంగ్లండులో అచ్చయినది. ఆ శతాబ్దంలోనే అది మన దేశానికి వచ్చి, రోడ్ల పక్కన, బడుల ఆవరణల్లో, రైలు స్టేషన్ల దగ్గర స్థిరపడిపోయినది. ఇప్పుడు దానిని పరాయి చెట్టు అని ఎవరూ అనుకోరు.

దాని జమ పక్కన వ్రాయవలసినవి చాలా ఉన్నవి. విత్తనం పైతోలు బహు గట్టిది. వేడినీళ్ళు పోసి ఒక రాత్రి నాననిచ్చి నాటితే త్వరగా మొలుస్తుంది. పెరుగుదల చురుకైనది. నాలుగైదేళ్ళకు, ఒక్కొక్కచోట ఇంకా ఆలస్యంగా, పూతకు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొమ్మ కనబడకుండా ఎర్రగా పూస్తుంది. అయిదు రేకులలో ఒకటి మాత్రం తెలుపు, పసుపు చారలతో వేరుగా ఉంటుంది. పిల్లలు ఆ పూల కేసరాలను ఒకదానికొకటి తగిలించి లాగి పందాలు ఆడుకొంటారు. ఎండిన కాయలు కత్తుల వంటివి, ఊపితే గలగలమంటాయి. ఇంత వినోదం ఇచ్చే చెట్టును పిల్లలు కోరడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఖర్చు. ఈ చెట్టు ముప్ఫై నలభై అడుగులు లేస్తుంది. గొడుగు దానికన్నా వెడల్పుగా కూడా పరచుకొంటుంది. వేళ్ళు లోతుకు పోవడం కన్నా పైపైన పాకడం ఎక్కువ. అవి దగ్గరలోని గచ్చును లేపుతాయి, ప్రహరీని పగలదీస్తాయి. నీడ కోసమే నాటుతామనేవారు ఒక మాట గమనించాలి. ఎండలు ముదిరే ఫాల్గుణ చైత్రాలలో మన పక్క ఈ చెట్టు చాలామట్టుకు ఆకు రాల్చి మోడుగా ఉంటుంది. దాని చిన్న చిన్న ఆకులు డాబా మీది నీటి తూములలో చేరి అడ్డుపడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, దాని కర్ర పెళుసు.

ఈ చివరి మాటే మన జిల్లా వారికి పెద్దది. గడచిన తుఫానులను జ్ఞాపకం చేసుకోండి. 1999 అక్టోబరు 17న గోపాలపూర్ దగ్గర ఒకటి తీరం దాటినది. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపూర్ దగ్గరే గంటకు సుమారు 200 కిలోమీటర్ల గాలితో దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ మనకు దక్షిణంగా పలాస దగ్గర తీరం దాటి, మన గంజాం, గజపతి జిల్లాలను కూడా ముంచినది. మూడూ దసరా నవరాత్రులలోనే వచ్చినవి! ఆ రోజులలో తురాయి నిండా ఆకుతో ఉంటుంది. వానకు నేల నాని మెత్తబడి ఉంటుంది. అంత పెద్ద గొడుగుకు గాలి తగిలితే ఓడ తెరచాపకు తగిలినట్లే. పైపై వేళ్ళు నిలువలేవు. వేళ్ళు నిలిచినా పెళుసు కొమ్మ నిలువదు. పైలిన్ నాడు ముందుగానే ఒడిషాలో దాదాపు పది లక్షల మందిని సురక్షిత ప్రదేశాలకు చేర్చారు గనుక ప్రాణనష్టం ఎంతో తగ్గినది. అయినా పోయినవారిలో చెట్లు కూలి పోయినవారు, గోడలు కూలి పోయినవారు ఉన్నారు. మనుషులను తరలించవచ్చును గాని, గేటు పక్కన పాతుకొన్న చెట్టును తరలించలేము కదా.

మన ఊళ్ళ ఇళ్ళ తీరు కూడా ఆలోచించండి. గంజాంలోనూ, అవతల శ్రీకాకుళం పక్కనూ పాత ఇళ్ళు వీధి పొడుగునా వరుసగా, గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ముందు అరుగు, వెనుక సన్నని పొడుగాటి పెరడు. అన్నదమ్ములు పంచుకొన్నకొద్దీ ఆ పెరడు ఇంకా సన్నబడినది. అటువంటి చోట ఒకరు నాటిన పెద్దచెట్టు ఒకరిది కాదు. కూలితే అది ఏ కప్పు మీద పడుతుందో, ఏ కరెంటు తీగను తెంపుతుందో చెప్పలేము. నాటే చేయి ఒకటి, నష్టపడే ఇల్లు మరొకటి. ఏళ్ళ తరబడి పండుగకు పళ్ళెం ఇచ్చిపుచ్చుకొన్న ఇళ్ళ మధ్య ఒక చెట్టు కారణంగా మాటలు ఆగిపోవడం మంచిది కాదు.

ఇప్పుడు నందివర్ధనం పద్దు చూద్దాము. ఇది మన దేశపు మొక్క. ఆరేడు అడుగుల ఎత్తున గుబురుగా పెరుగుతుంది. ఆకు ఒక్కసారిగా రాల్చదు. రేకు నందివర్ధనం, ముద్ద నందివర్ధనం అని రెండు రకాలు. పూత ఏడాది అంతా ఉన్నా వానాకాలంలో దండిగా ఉంటుంది. తెల్లవారి లేచేసరికి పూజకు బుట్టెడు పూలు. గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో నాటినా గోడకు హాని లేదు. గాలివానకు కొమ్మలు విరిగితే మొదలు దగ్గర కోసివేస్తే మళ్ళీ చిగిరిస్తుంది. పడి ఎవరినీ గాయపరచదు.

దీనికీ ఖర్చు లేకపోలేదు. నీడ ఇవ్వదు. కత్తిరించకపోతే కాళ్ళు పొడుగై కింద బోసిగా తయారవుతుంది. వానల్లో ఒక పెద్ద ఆకుపచ్చ గొంగళి, మెడ దగ్గర రెండు నీలి కన్నుల వంటి మచ్చలతో, ఆకులు తినివేస్తుంది. పొద్దున్నే చూచి ఏరివేస్తే మందు అవసరం ఉండదు. కొమ్మ విరిస్తే కారే పాలు కళ్ళలో పడనీయరాదు, పిల్లలు నోట పెట్టరాదు. అయితే దీని బదులు గన్నేరు నాటుదామనేవారికి ఒక హెచ్చరిక: ఎర్రగన్నేరు గాని, పచ్చగన్నేరు గాని, ఆకు మొదలు గింజ వరకు అంతా ప్రాణాంతకమైన విషమే. పసిపిల్లలు, పశువులు తిరిగే వాకిలిలో అవి వద్దు.

రెండు పద్దులూ కూడి చూస్తే మా నిర్ణయం ఇది. ఇంటి ముంగిటికి నందివర్ధనం. ఊరి ముంగిటికి తురాయి. బడి మైదానం, చెరువుగట్టు, విశాలమైన బాట పక్క అయితే ఆ చెట్టుకు తగిన చోటు. ఏ కప్పుకైనా కనీసం ముప్ఫై అడుగుల దూరం ఉండాలి, పైన కరెంటు తీగ ఉండరాదు. బస్సు కోసం నిలబడిన పదిమందికి జ్యేష్ఠమాసపు నీడ నందివర్ధనం ఎన్నటికీ ఇవ్వలేదు. అందుచేత తురాయిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఇదివరకే ఇంటి ముందు పెరిగిన చెట్టును కొట్టివేయమనడమూ లేదు. వానలకు ముందే పని తెలిసిన మనిషి చేత ఎండుకొమ్మలు తీయించి, గొడుగు పలుచన చేయించండి. మొదలు దగ్గర పుచ్చు కనబడితే మాత్రం ఉపేక్షించరాదు.

పిల్లల కోరిక తీర్చడానికి ఒక ఉపాయం ఉన్నది. రత్నగంధి అనే పొద తురాయికి దాయాది వంటిది. పూలు ఎరుపు, పసుపు కలిసి అదే తీరున, చిన్నవిగా ఉంటాయి. ఎత్తు ఎనిమిది పది అడుగులు దాటడం అరుదు. నందివర్ధనం ఒక పక్క, రత్నగంధి ఒక పక్క నాటితే పెద్దవారి పూజకూ పూలుంటాయి, పిల్లల ఆటకూ పూలుంటాయి. చెట్టే కావాలి, చోటూ ఉన్నదనేవారు పొగడను తలచుకోవచ్చును. పెరగడం నిదానమే గాని కర్ర గట్టిది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది.

నందివర్ధనానికి సొమ్ము పెట్టనవసరం లేదు. ఆషాఢంలో నాలుగు వానలు పడిన తరువాత, పెన్సిలు లావున జానెడు కొమ్మ కోసి, కారిన పాలు ఆరనిచ్చి, సగం వరకు మట్టిలో గుచ్చి నీడన ఉంచితే వేరు పోస్తుంది. పొరుగింటమ్మను అడిగితే కాదనకుండా ఇస్తుంది. మే నెలలో పూసిన తురాయిని చూచి మనసుపడేవారు అక్టోబరు నెలను కూడా ఒక్కసారి తలచుకొని గొయ్యి తవ్వితే, ఇంటికీ క్షేమం, ఇరుగుపొరుగుకూ క్షేమం.